కొత్త నీటి వెంట సముద్రం దాకా

మా నాన్నకు నలభై ఏళ్లు వచ్చేదాకా పెడన తప్ప మరో ఊరు సరిగ్గా తెలియదు. పన్నెండో ఏట గుంట మగ్గంలో కాళ్లు పెట్టాడు. పొద్దున్నే గుంటలోకి దిగితే భోజనానికి పైకి రావడం, మళ్లీ దిగడం. ఎదురుగా పడుగు దారాలు, ఆ పైన గోడ. ఇరవై ఎనిమిదేళ్లు ఆయన చూసిన దూరం అంతే. నేత గిట్టుబాటు కాక తొంభైల మొదట్లో మగ్గం వదిలేసి, అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని బెజవాడ వచ్చాడు. భవానీపురంలో రెండు గదుల వాటా దొరికింది. వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో సేల్స్‌మన్‌గా కుదిరాడు.

కొట్టుకు ఆదివారం సెలవు. సెలవు అనేదొకటి ఉంటుందని నాన్నకు అప్పటిదాకా అనుభవంలో లేదు. మొదట్లో ఆదివారాలు ఏం చేయాలో తోచక గడప మీద కూర్చుని వీధిలో వచ్చేపోయే వాళ్లను చూస్తుండేవాడు. అమ్మ విసుక్కునేది. "కాసేపు పడుకోండి, లేకపోతే అలా నడిచి రండి. గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే నేను ఊడ్చుకునేదెలా?"

అలాంటి ఒక ఆదివారం కొట్టు యజమాని కబురు చేసి, ఉండవల్లిలో ఒక పెళ్లివారింటికి బట్టల మూట ఇచ్చి రమ్మన్నాడు. పొద్దున వెళ్లిన మనిషి మధ్యాహ్నం మూడు దాటినా రాలేదు. అమ్మ కంగారుపడి నన్ను వీధి చివరిదాకా పంపింది. నేను వెళ్లేసరికి నాన్న వస్తున్నాడు. చొక్కా నిండా దుమ్ము. మొహంలో మాత్రం ఏదో వెలుగు.

"ఏమైంది నాన్నా?" అన్నాను.

"దేవుడు పడుకుని ఉన్నాడమ్మాయ్," అన్నాడు. "కొండ లోపల. ఇంత పొడుగు." రెండు చేతులూ చాచాడు. సరిపోలేదు. నాలుగడుగులు నడిచి చూపించాడు.

ఆయన చూసింది ఉండవల్లి గుహలు. మూట ఇచ్చి తిరిగి వస్తూ, కొండకు కిటికీల్లా కనిపించినవి ఏమిటో చూద్దామని ఎక్కాడట. మరుసటి ఆదివారం మా ఇద్దరినీ తీసుకెళ్లాడు. అంతస్తు మీద అంతస్తు, అంతా ఒకే కొండ. లోపలి చీకటి గదిలో అనంతశయనుడి విగ్రహం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటుపడ్డాక ముందు పాదాలు కనిపించాయి, తర్వాత మోకాళ్లు, ఛాతీ, చివరికి నిద్రపోతున్న ఆ ముఖం. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఆయన లేస్తాడేమో, మేం గట్టిగా మాట్లాడకూడదేమో అనిపించింది.

నాన్న బయటికి వచ్చి ఒక స్తంభాన్ని అరచేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు.

"పోగు తెగితే ముడేసుకుంటాం," అన్నాడు. "రాతికి ముడి ఎక్కడుంటుంది? ఉలి ఒక్కసారి జారితే అయిపోయినట్టే. ఇంత కొండలో ఒక్కచోటా జారలేదు చూడు."

ఆ తర్వాత ఆయన్ని ఆపడం మా వల్ల కాలేదు. మొగల్రాజపురం గుహలు చూశాం. కొండపల్లి కోట ఎక్కాం; దిగేటప్పుడు అమ్మ చెప్పు తెగి, ఒక కాలికే చెప్పుతో కొండ దిగి, వారంపాటు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. కొల్లేటికి వెళ్లి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కొంగలు నీటి మీద తెల్లటి దుప్పటిలా వాలి ఉంటే చూశాం. అన్నీ చవకబారు ప్రయాణాలే. బస్సు, నడక, స్టీలు డబ్బాలో పులిహోర.

ఇవన్నీ చూసినా నాన్నను ఒక ప్రశ్న వదిలేది కాదు. అది మా వీధి చివరి కృష్ణ గురించి.

భవానీపురం వైపు కృష్ణ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. కిందనున్న బ్యారేజీ నీటిని ఆపి ఉంచుతుంది కాబట్టి ఎండాకాలంలో కూడా అవతలి గట్టు దూరంగా, మసగ్గా కనిపించేంత నీరు. కానీ బ్యారేజీ మీద నడుచుకుంటూ వెళ్లి రెండో పక్కకు చూస్తే ఉన్నదంతా ఇసుకే. మధ్యలో ఎక్కడో సన్నటి పాయ, అందులో బట్టలుతికే వాళ్లు. నాన్న ఈ పక్కకోసారి, ఆ పక్కకోసారి చూసేవాడు.

"కాలవలకు పోతుంది నీరు. అది నాకు తెలుసు," అనేవాడు. "పెడనలో మనం తాగిందీ ఆ కాలవ నీరే. మరి నది మాటేంటి? అసలు సముద్రం దాకా వెళ్తుందా, లేదా?"

"వెళ్తుంది నాన్నా. హంసలదీవి దగ్గర కలుస్తుంది. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉంటుందిలే. చూసినవాళ్లెవరు?"

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, ఆ వానాకాలంలో, ఎగువన కృష్ణలో కలిసే మునేరు పొంగింది. శనివారానికి కృష్ణ రంగు మారిపోయింది. ఎర్రమట్టి కలిపినట్టున్న నీరు సుడులు తిరుగుతూ బ్యారేజీకి వచ్చి చేరుతోంది. కొత్త నీరు వచ్చిందని వీధంతా ఒకటే సందడి. సాయంత్రం గేట్లు ఎత్తుతారని తెలిసి నాన్న కొట్టు నుంచి అరగంట ముందే వచ్చేశాడు. ముగ్గురం బ్యారేజీకి వెళ్లాం.

ముందు సైరన్ మోగింది. కింద ఇసుకలో ఉన్న కొద్దిమందీ గట్టెక్కారు. తర్వాత ఒక్కొక్క గేటూ కొంచెం కొంచెంగా లేచింది. గేటు కింద నుంచి ఎర్రటి నీరు బయటికి దూకి, ఎండిన ఇసుక మీద పడి, లేచి, మళ్లీ పడింది. మా కాళ్ల కింద బ్యారేజీ సన్నగా వణికింది. పక్కన నిలబడ్డ అమ్మ ఏదో అంటోంది. పెదాలు కదలడం కనిపిస్తోంది గాని మాట వినపడటం లేదు. తుంపర్లు మొహాలకు కొట్టాయి. చూస్తుండగానే ఇసుకతిన్నెలు ఒక్కొక్కటే మునిగి, బీడు పడ్డ ఆ పక్క నదైపోయింది.

నాన్న పిట్టగోడ పట్టుకుని, నీటి మొదటి అంచు ఎటు పోతోందో తలెత్తి చూస్తున్నాడు. అది కనుచూపు దాటాక మా వైపు తిరిగాడు.

"ఇది ఎప్పటికి చేరుతుందంటావ్ సముద్రానికి?"

లెక్కలు నాకిష్టం. మనిషి నడిచే వేగమని అనుకుని చెప్పాను. "రేపు సాయంత్రానికి చేరొచ్చు నాన్నా."

"అయితే రేపు పొద్దున్నే బస్సెక్కుదాం. మనమే ముందు వెళ్లి అక్కడ నిలబడదాం."

అమ్మకు నమ్మకం కలగలేదు. "ఏవండీ, నీళ్లు చూడటానికా? ఈ నీళ్లే కదా! ఇక్కడున్నాయి, చూశాం. వీటినే చూడటానికి మళ్లీ వంద కిలోమీటర్లా?"

"ఇక్కడ చూసింది బయల్దేరడం," అన్నాడు నాన్న. "చేరడం చూడొద్దూ?"

అమ్మ గొణుక్కుంటూనే తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది. అవనిగడ్డ వెళ్లే మొదటి బస్సులో కిటికీ పక్క సీటు నాన్నకే ఇచ్చాం. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి దాటాం. రోడ్డుకు రెండు పక్కలా నాట్లు వేసిన చేలు. నది కనిపించదు, దాని కాలవలే కనిపిస్తాయి. నాన్నకు కుదురు లేదు. "దాటిపోయిందేమో," అంటాడు. ఇంకో పది నిమిషాలకు, "మనమే ముందున్నాం," అంటాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఎవరండీ దాటిపోయింది?" అనడిగాడు. "నీరండీ," అన్నాడు నాన్న. ఆయన మమ్మల్ని ముగ్గుర్నీ ఒకసారి చూసి మళ్లీ ముందుకు తిరిగిపోయాడు.

పులిగడ్డ దగ్గర మాకో వింత ఎదురైంది. అక్కడ నది పాయ మీదుగా, కట్టడం మీద కాలవ పారుతుంది. కింద నది, పైన కాలవ. ఒకదాని నీరు ఇంకోదానికి అంటదు. నాన్న సీట్లోంచి లేచి నిలబడిపోయాడు. పైన పారేది మా చిన్నప్పటి కాలవ లాంటిదే, కృష్ణ నీరే. కింద పాయలో మాత్రం నీరు పలచగా, పచ్చగా, కదలకుండా ఉంది.

"ఎరుపు రాలేదింకా," అన్నాడు నాన్న, పందెం గెలిచినవాడిలా. "మనమే ముందు."

అవనిగడ్డలో బస్సు మారి కోడూరు, అక్కణ్ణుంచి ఆటోలో హంసలదీవి చేరాం. గుడిలో దణ్ణం పెట్టుకున్నాం. తనలో మునిగినవాళ్ల పాపాలు మోసి నల్లబడ్డ గంగ, కాకి రూపంలో అన్ని నదుల్లో మునిగి, చివరికి ఇక్కడ మునిగి హంసై లేచిందని పూజారిగారు చెప్పారు. సంగమం అక్కడికి ఇంకా దూరమనీ, తీరాన చేపల వేటకెళ్లే వాళ్లెవరైనా ఉంటే తీసుకెళ్తారనీ అన్నారు.

తీరం దగ్గర తాటాకు పాకల ముందు ఒకావిడ వల బాగుచేసుకుంటోంది. నలభై ఐదేళ్లుంటాయి. ఎండకు కమిలిన మొహం, మోచేతుల దాకా పచ్చబొట్లు. నాన్న మా సంగతి చెప్పాడు. నిన్న బెజవాడలో గేట్లెత్తారు, ఆ నీరు సముద్రంలో కలవడం చూడాలి అని. ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. లేచి నిలబడి ఆకాశం వంక, నీటి వంక చూసింది.

"గేట్లెత్తారా? నిజంగానే? మా ఆయన పొద్దున్నుంచి అదే అడుగుతన్నాడు. కొత్త నీరొత్తే కదండీ మాకు రొయ్య!" అంది. "ఇప్పుడు పోటు మీదుంది. సముద్రం లోపలికి తోసుకొత్తంది. పోటు తగ్గితే గాని మీ నీరు బయటికి రాదు. మజ్జానం దాటాక చూడాల. మా ఆయన ఊళ్లోకెళ్లాడు, నేనే తీసుకెళ్తా. పదండి."

నాటు పడవ. ఆవిడే గెడ వేసింది. మడ చెట్ల మధ్య సన్నటి పాయలోంచి వెళ్లాం. రెండు పక్కలా చెట్ల వేళ్లు బురదలోంచి పైకి చాచిన చేతుల్లా ఉన్నాయి. ఎర్రటి పీతలు మా పడవ చప్పుడుకు బొరియల్లోకి దూరుతున్నాయి. మలుపు తిరిగేసరికి చెట్లు అయిపోయాయి. ఆకాశం ఒక్కసారిగా నాలుగు వైపులా తెరుచుకుంది. ఎడమ చేతి వైపు కృష్ణ. దాని అవతలి గట్టు లేదు. కుడి చేతి వైపు సముద్రం. దానికి అసలు గట్టే లేదు. రెండింటి మధ్య ఒక ఇసుకమేట. పడవ దాన్ని ఒరుసుకుని ఆగింది.

మేం తప్ప అక్కడ మనిషన్నవాడు లేడు. గాలికి మాట ఎగిరిపోతోంది. నాన్న దిగి నిలబడి నాలుగు పక్కలా తిరిగి చూశాడు. గోడకెదురుగా కూర్చుని బతికిన మనిషి. కళ్లకు ఆనేది ఒక్కటీ లేని చోట ఏం చేయాలో తెలియనట్టు ఇసుకలో కూర్చుండిపోయాడు.

పులిహోర తిన్నాం. ఆవిడకూ పెట్టాం. తింటూ అమ్మ అడిగింది. "మీరు పుట్టింది ఇక్కడేనా అమ్మా?"

"ఇక్కడే. ఉప్పెనొచ్చినప్పుడూ ఇక్కడే," అంది ఆవిడ. "తాడిచెట్టు పట్టుకుని నేను బతికాను. మా పెద్దోడు చెయ్యి జారిపోయాడు. మూడేళ్లోడు."

అమ్మ చేతిలోని ముద్ద డబ్బా మూతలో పెట్టేసింది. "మళ్లీ ఇక్కడే ఎలా ఉంటున్నారమ్మా?" అంది, గొంతు తగ్గించి.

"ఎక్కడికెళ్తామండీ? కొన్నాళ్లు మా అన్నగారి ఊరెళ్లాను. నిద్ర పట్టలా. ఈ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు." ఆవిడ చెయ్యి కడుక్కుని సముద్రం వైపు చూసింది. కోపంగా చూడలేదు, భక్తిగానూ చూడలేదు. పక్కింటి మనిషిని చూసినట్టు చూసింది.

ఎండ వాలింది. అలల చప్పుడులో ఏదో తేడా వచ్చింది. ఇసుకమేట అంచున తడి గీత కిందికి జరుగుతోంది. నాన్న గంటసేపటి నుంచి నది వైపే చూస్తున్నాడు. నాకు లోపల భయం పట్టుకుంది. నా లెక్క తప్పితే? మధ్యలో ఇసుకంతా నీరు తాగేస్తే? చీకటి పడేలోపు మేం తిరిగి వెళ్లాలి.

"అమ్మాయ్, నీ లెక్క ప్రకారం ఎప్పుడు?" అన్నాడు నాన్న.

"ఈపాటికి రావాలి నాన్నా."

అప్పుడు ఆవిడ చెయ్యెత్తింది. "అదిగో. డెక్కొత్తంది."

నది మధ్యలో, దూరంగా, పచ్చటి మచ్చలు. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తోంది. ఒకటి, రెండు, తర్వాత లెక్కలేనన్ని. చిన్న చిన్న లంకల్లా, కొన్నింటి మీద కొంగలు నిలబడి ఉండగానే వస్తున్నాయి.

"దాని ఎనకాలే నీరు," అంది ఆవిడ.

వచ్చింది. హోరేమీ లేదు. బ్యారేజీ దగ్గర చెవులు చిల్లులు పడేలా దూకిన నీరు ఇక్కడికి ఏ తొందరా లేకుండా, వెడల్పుగా, బరువుగా వచ్చింది. ముందు పచ్చటి నీటిలో ఒక ఎర్రటి నాలుక కనిపించింది. అది వెడల్పైంది. ఇవతల గట్టు నుంచి కనుచూపు ఆగేదాకా ఎరుపు పరుచుకుంది. మా ఇసుకమేట పక్కనుంచే సాగిపోయి సముద్రంలోకి అడుగుపెట్టింది.

అక్కడ కలిసిపోతుందని అనుకున్నాను. కలవలేదు. ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం కలిసిన ఆకుపచ్చ. మధ్యలో నురగ గీత, గీసినట్టు. ఆ గీత లోపలికి, ఇంకా లోపలికి జరుగుతోంది. సముద్రం అలలతో వెనక్కి తోస్తోంది. నది ఆగడం లేదు. ఎక్కడున్నాయో అప్పటిదాకా తెలియని పక్షులు వందల కొద్దీ వచ్చి, ఆ గీత పొడవునా నీటిలోకి దూకి చేపల్ని అందుకుంటున్నాయి. పడమటి ఎండ పడి ఎర్రనీరు రాగిరేకులా మెరిసింది.

నేను ఏడుస్తున్నానని కాసేపటికి గాని నాకు తెలియలేదు. బాధ కాదు, సంతోషమూ కాదు. అంత పెద్దది నా కళ్ల ముందు జరుగుతుంటే నిలబడటం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు, అంతే.

నాన్న చేతులు జోడించలేదు. రెండు చేతులూ పక్కన వదిలేసి, నోరు కొంచెం తెరిచి నిలబడ్డాడు.

మా ఇద్దరికంటే ముందు కదిలింది అమ్మే. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తిన్నగా నీటిలోకి దిగింది. "జాగ్రత్తమ్మా," అంటూ పడవావిడ వెంట వెళ్లి జబ్బ పట్టుకుంది. అమ్మ దోసిట్లో నీరు తీసుకుని నోట్లో పోసుకుంది. నాలుగడుగులు సముద్రం వైపు నడిచి మళ్లీ తాగింది. వెంటనే ఉమ్మేసింది. మా వైపు తిరిగి చిన్నపిల్లలా కేకేసింది.

"ఏవండోయ్! ఇక్కడ చప్పగా ఉంది, అక్కడ ఉప్పగా ఉంది! నాలుగడుగులే!"

నాన్నా నేనూ దిగాం. మోకాళ్ల దాకా నీరు. నా ఒక కాలికి నది వెచ్చగా, రెండో కాలికి సముద్రం చల్లగా తగిలింది. డెక్క గుంపు ఒకటి మా పక్కగా పోతుంటే దాని మధ్య వాడిన బంతిపూల దండ చిక్కుకుని ఉంది.

"దుర్గమ్మ దండేనంటారా?" అంది అమ్మ.

"ఏ ఊరిదైనా కావచ్చు. దారిలో ఎన్ని రేవులు!" అన్నాడు నాన్న. కానీ అది గీత దాటి, అలల మీద ఒకటి రెండుసార్లు లేచి, కనిపించకుండా పోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

పొద్దు గుంకక ముందే పడవావిడ మమ్మల్ని తొందరపెట్టింది. పడవ దిగాక నాన్న ఆవిడకు వంగి నమస్కారం పెట్టాడు. ఆవిడ సిగ్గుపడి, "నాకెందుకండీ బాబూ, ఆయమ్మకు పెట్టండి," అని నీటి వైపు చూపించింది. బస్సులో మళ్లీ పులిగడ్డ దాటుతుంటే కాలవ కింద పాయ ఎర్రగా నిండి పారుతోంది.

మర్నాడు పక్కవాటావిడ అమ్మను అడిగింది. "హంసలదీవి వెళ్లారటగా, ఏం చూశారేంటి?"

"నీళ్లు," అంది అమ్మ. ఇంకా చెప్పాలని ఉంది ఆమెకు. చేతులతో ఏదో వెడల్పు చూపించబోయి, దించేసింది. పక్కవాటావిడ నవ్వి వెళ్లిపోయింది. అమ్మకు కోపం రాలేదు.

ఆ తర్వాత నాకు పటమటలో ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది. రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు వానలు లేక గేట్లే ఎత్తలేదు. నాన్న ఆ ఏళ్లన్నీ బ్యారేజీ మీదికి వెళ్లి, రెండో పక్క ఇసుకను చూసి వచ్చేవాడు. పడవావిడ వాళ్లు ఏం తింటున్నారో అని అమ్మతో అనేవాడట. తర్వాత ఒక ఏడు మళ్లీ వానలు పడ్డాయి, గేట్లు లేచాయి. ఈసారి మా ఆయనా, నేనూ కారు మాట్లాడి వాళ్లిద్దరినీ తీసుకెళ్లాం. తీరం దాకా రోడ్డు వేశారు. పాకల చోట రెండు మూడు పక్కా ఇళ్లు లేచాయి. ఆ ఇళ్లలో ఒకదాని అరుగు మీద పడవావిడ కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. మమ్మల్ని పోల్చుకోలేదు. బంతిపూల దండ మాట చెప్పాక పోల్చుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నాన్న ఆవిడను అడిగాడు. "ఆ ఇసుకమేట మీదికే వెళ్దామమ్మా. అప్పుడు నిలబడ్డాం చూడు, అక్కడికి."

"అది లేదండీ ఇప్పుడు," అంది ఆవిడ. "ఎప్పుడో తినేసింది సముద్రం. కలిసే చోటు ఒక్కచోట ఉండదు బాబూ. ఏటా జరుగుద్ది. ఈ ఏడు అల్లదిగో, ఆ పక్కకెళ్లింది."

నాన్న నిరాశపడతాడేమోనని నేను ఆయన మొహం వంక చూశాను. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని ఆవిడ చూపించిన వైపు చూస్తున్నాడు.

"నది కదులుతుందా? అంత నది?" అన్నాడు. మోకాళ్ల నొప్పి మర్చిపోయి అప్పుడే పడవ వైపు నడుస్తున్నాడు. "అయితే ఈ ఏడు ఎక్కడుందో అక్కడికే పోనివ్వమ్మా."

ఆవిడ రెండో కొడుకు పడవను నీళ్లలోకి తోశాడు. అమ్మ అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది.